కవరు మీది వ్రాతల చిట్టా



ఒక ఊరిలో తపాలా కచేరి కలదనుకొనుడు. అచ్చటి పోస్టుమాస్టరు యోగ్యుడు. ఎవరి యుత్తరమును విప్పడు, చదువడు. అయితే దొరతనమువారి యుత్తరువు ననుసరించి ఆయన ఒక పెద్ద పుస్తకమును పెట్టుకొని, డబ్బాలో పడిన ప్రతి కవరు మీది వ్రాతను అందులో ఎక్కించుచుండును. ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, ఏ దినమున, ఏ గంటకు, కవరు బరువెంత యను సంగతులన్నియు అందులో నుండును. నేరము చేసినవాని కవరును, చేయనివాని కవరును, మొత్తము ఊరివారందఱి కవరులును ఆ లెక్కకు వచ్చును. ఆ పుస్తకమును రెండేండ్లవఱకు భద్రముగా దాచవలెను. పోలీసువారు వచ్చి యడిగినప్పుడు చూపవలెను. “ఉత్తరమును విప్పలేదు గదా, మీకు వచ్చిన నష్టమేమి?” అని దొరతనమువారు ఊరివారి నడుగుదురు. ఊరివారేమని ప్రత్యుత్తరమియ్యవలెను?

తపాలా కచేరికి బదులు ఇంటర్నెట్టు కంపెనీని, కవరునకు బదులు మనము ఫోనులో చేయు ప్రతి పనిని పెట్టుకొని చూచినచో, ఈ ప్రశ్న గడచిన ఇరువదియేండ్లుగా లోకములోని అనేక శాసనసభలును న్యాయస్థానములును చర్చించుచున్న ప్రశ్నయే. మన దేశమునందును ఇట్టి నిబంధనలు అమలులో నున్నవి.

ఫోనులో ఏది చూడదగినదో, ఏది చూడదగనిదో ఉపాధ్యాయులమైన మేము మీకు తఱచుగా చెప్పుచుందుము. చూచినదాని జాడ ఎవరియొద్ద, ఎంతకాలము నిలిచియుండునో మాత్రము చెప్పినవారము కాము. తలిదండ్రులలో పలువురకును ఈ సంగతి తెలియదు. ఆ కొఱతను కొంతవఱకైనను తీర్చుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

జాడ యెట్లు నిలుచును?

ఫోనుగాని కంప్యూటరుగాని ఇంటర్నెట్టులో ప్రవేశింపవలెనన్నచో నడుమ నొక కంపెనీ యుండవలెను. ఆ కంపెనీ మన ఫోనునకు ఒక సంఖ్యను కేటాయించును. దీనికి ఐ.పి. అడ్రసు అని పేరు. ఇది ఇంటి నంబరు వంటిది. అయితే ఇంటి నంబరువలె స్థిరమైనది కాదు. ఈ దినమున మీకిచ్చిన సంఖ్యను రేపు మఱియొకరికి ఇయ్యవచ్చును. పాతరకపు సంఖ్యలు మొత్తము సుమారు 430 కోట్లు మాత్రమే. అవి లోకమున కంతటికి చాలవు. అందువలన ఒకే సంఖ్యను ఒకే సమయమున పెక్కుమంది ఖాతాదారులకు పంచి యిచ్చుట ఫోను కంపెనీలలో వాడుకయైనది. ఒక పెద్ద సత్రములో దిగినవారందఱికిని వీధి చిరునామా ఒకటేయై, లోపలి గది నంబర్లు వేఱుగా నుండుట వంటిది ఇది. కావున “ఫలాని దినమున, ఫలాని గంటకు, ఈ సంఖ్యను వాడినవారెవరు?” అను ప్రశ్నకు, గంటలు నిమిషములు సెకండ్లతో సహా చిట్టా వ్రాసియుంచిన కంపెనీ తప్ప మఱెవ్వరును ప్రత్యుత్తరమియ్యలేరు.

ఆ చిట్టాలో మూడు తరగతుల సంగతులు చేరవచ్చును. మొదటిది ఖాతాదారుని గుర్తింపు: పేరు, చిరునామా, ఫోను నంబరు, ఇచ్చిన దస్తావేజులు. రెండవది రాకపోకల లెక్క: ఎప్పుడు లోనికి వచ్చెను, ఎంతసేపుండెను, ఏ సంఖ్య నియ్యబడెను, ఎవరితో మాటలాడెను, ఏ తావునకు పోయెను. మూడవది స్థలము: ఫోను ఏ టవరు క్రింద నున్నది. మనము మాటలాడకున్నను, జేబులోనున్న ఫోను దగ్గఱి టవరుతో సంకేతముల నిచ్చి పుచ్చుకొనుచునే యుండును.

మాటలలోని సంగతి, ఉత్తరములోని విషయము ఈ చిట్టాలో చేరవు. వానిని వినవలెనన్నను చదువవలెనన్నను వేఱు చట్టములు, వేఱు అనుమతులు కలవు. ఇచ్చట మనము విచారించునది కవరు మీది వ్రాతను గూర్చి మాత్రమే.

దొరతనమువారి వాదము

ఈ చిట్టాను కోరువారందఱు ప్రజల స్వేచ్ఛకు శత్రువులని తలంపరాదు. వారి వాదమునందు బలము కలదు.

పూర్వము టెలిఫోను కంపెనీలు ఒక్కొక్క పిలుపునకు రుసుము వసూలు చేయుచుండెడివి. బిల్లు వేయుటకై ప్రతి పిలుపును వ్రాసికొనవలసి యుండెను. దర్యాప్తు చేయువారు వచ్చినప్పుడు ఆ లెక్కలు సిద్ధముగా దొరకెడివి. తరువాత నెలకింతయని ఒకే మొత్తము వసూలు చేయు పద్ధతి వచ్చెను. ఒక్కొక్క పిలుపును వ్రాసి దాచుటకు కంపెనీకి పని లేకపోయెను. దాచుటకు ఖర్చగును గనుక త్వరగా చెఱిపివేయుటయే వారికి లాభము.

ఇప్పుడొక దుష్టుడు చిన్నబిడ్డల హింసాచిత్రములను ఇంటర్నెట్టులో పంచుచున్నాడనుకొనుడు. దర్యాప్తు చేయువారికి దొరకునది ఒక సంఖ్య, ఒక గంట. ఇతర దేశపు పోలీసులనుండి ఆ సంఖ్య చేరునప్పటికి నెలలు గడచియుండవచ్చును. కంపెనీయొద్దకు పోయి యడిగినప్పుడు “ఆ చిట్టా చెఱిపివేసితిమి” అని చెప్పినచో, ఆ బిడ్డ ఏ యింటిలో నున్నదో తెలిసికొను దారి మూసికొనిపోవును. బిడ్డల తలిదండ్రులుగాని, బిడ్డలకు పాఠములు చెప్పు మాబోటివారుగాని ఈ మాటను తేలికగా త్రోసివేయజాలరు.

ఐరోపాలో ఈ వాదమునకు బలము చేకూర్చినవి రెండు ఘోరములు. 2004 మార్చి 11వ తేదీన స్పెయిను రాజధానియగు మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు ప్రేలి 190 మందికి పైగా చనిపోయిరి. 2005 జూలై 7వ తేదీన లండను నగరమున ప్రేలుళ్లలో 52 మంది ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. ఈ దుఃఖములోనుండియే 2006 మార్చి 15వ తేదీన ఐరోపా యూనియను ఒక శాసనాదేశమును వెలువరించెను. సభ్యదేశములన్నియు తమ తమ ఫోను, ఇంటర్నెట్టు కంపెనీలచేత రాకపోకల చిట్టాలను ఆఱు నెలలకు తక్కువగాక, రెండేండ్లకు మించకుండ దాచియుంచజేయవలెనని దాని సారాంశము.

కవరు మీది వ్రాత ఏమి చెప్పును?

“లోపలి సంగతిని చదువము గదా” అను సమాధానము మొదట వినుటకు చాలునట్లే తోచును. కాని కొంచెము ఆలోచింపుడు. ఒక స్త్రీ సోమవారమున ఒక వైద్యురాలికి ఫోను చేసెను. మంగళవారమున క్యాన్సరు ఆసుపత్రికి చేసెను. ఆ రాత్రి తల్లితో రెండు గంటలు మాటలాడెను. బుధవారమున అప్పులిచ్చు కంపెనీకి చేసెను. మీరొక్క మాటయైనను వినలేదు. అయినను ఆమె యింటి కష్టమంతయు మీకు తెలిసిపోయినది. ఒకడు ప్రతి ఆదివారము ఉదయమున ఏ టవరు క్రింద నుండునో చూచినచో వాని మతము తెలియును. రాత్రి రెండు గంటలకు ఆత్మహత్యను నివారించు సహాయకేంద్రమునకు ఫోను చేసినవాడేమి మాటలాడియుండునో వినవలసిన పని లేదు.

జర్మనీలో గ్రీన్ పార్టీకి చెందిన మాల్టె స్పిట్జ్ అను రాజకీయ నాయకుడు, తన ఫోను కంపెనీ తన్ను గూర్చి ఏమి దాచినదో చూపుమని వ్యాజ్యము నడిపి ఆఱు నెలల చిట్టాను సంపాదించెను. అందులో 35 వేలకు మించిన పంక్తులుండెను. 2011లో ఒక వార్తాపత్రిక ఆ చిట్టాను, ఆయన బహిరంగముగా ప్రకటించిన మాటలను కలిపి ఒక పటముగా తయారుచేసి ప్రచురించెను. ఏ రైలులో ఎప్పుడు పోయెనో, ఎచ్చట నిద్రించెనో, ఏ గంటలలో ఎక్కువగా మాటలాడెనో చూచినవారికెల్ల తెలిసెను. ఇదంతయు కవరు మీది వ్రాతయే.

చిట్టాలో మఱియొక యపాయము కలదు. దానిని నా జీవితములోని యొక సంగతిచే తెలుపుదును. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక హాస్టలులో వార్డెనుగా నుంటిని. ఒక రాత్రి ఒక పిల్లవాని పెట్టెలోనుండి రూపాయలు పోయినవి. గేటు వాచ్‌మన్ యొద్దనున్న పట్టీని తెప్పించి చూచితిని. ఒక్క విద్యార్థి మాత్రము రాత్రి తొమ్మిది గంటల తరువాత బయటికి పోయి పదునొకండు గంటలకు తిరిగి వచ్చినట్లు అందులో నుండెను. వానిని అందఱి యెదుట నిలువబెట్టి ప్రశ్నించితిని. వాడు తల వంచుకొని నిలిచెనేగాని మాటలాడలేదు. ఆ మౌనమును నేను నేరమని యెంచితిని. రెండు దినముల తరువాత రూపాయలు పోగొట్టుకొన్నవాని పాఠ్యపుస్తకములోనే అవి దొరకెను. బయటికి పోయినవాడు ప్రభుత్వాసుపత్రిలోనున్న తల్లికి అన్నము తీసికొనిపోయి యుండెను. తల్లికి వచ్చిన జబ్బు పేరు తోటివారికి తెలియుట వానికి ఇష్టము లేకపోయెను. పట్టీలో అబద్ధ మొక్కటియు లేదు. దానిని చదివిన నేనే తప్పు చదివితిని. వానిని పిలిచి క్షమాపణ కోరితిని. వాడు “పరవాలేదండి” అనెను. ఆ మాట ఇప్పటికిని నాకు గుర్తున్నది.

అదే పట్టీ మఱియొక సంవత్సరమున మేలు చేసెను. ఒక చిన్నవాడు చెప్పకుండ ఇంటికి బయలుదేఱగా, ఏ గంటకు గేటు దాటెనో పట్టీలో చూచి, ఆ వేళకు బయలుదేఱు బస్సు ఏదియో తెలిసికొని, బస్టాండులోనే వానిని పట్టుకొంటిమి. కావున పట్టీయే వలదని నేననను. ఎవరు వ్రాయవలెను, ఎవరు చూడవలెను, ఎన్నాళ్లుంచవలెను అను ప్రశ్నలే ముఖ్యమని నేనప్పుడు నేర్చుకొంటిని.

ఐరోపా న్యాయస్థానముల తీర్పులు

2006 నాటి శాసనాదేశము ననుసరించి జర్మనీ దేశము చట్టము చేసెను. దానిపై 34 వేలమందికి పైగా పౌరులు రాజ్యాంగ న్యాయస్థానము నాశ్రయించిరి. 2010 మార్చి 2వ తేదీన ఆ న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసి, అప్పటికి పోగుచేసిన చిట్టాలను వెంటనే చెఱిపివేయుడని యాజ్ఞాపించెను. చిట్టాలను దాచుట ఎన్నడును కూడదని ఆ తీర్పు చెప్పలేదు. దాచినవాని భద్రతకును, వాడుకకును తగిన హద్దులు లేవనియు, తమ్మెవరో కనిపెట్టుచున్నారను భీతి జనులలో నాటుకొనుననియు చెప్పెను.

తరువాత ఐర్లండులోని డిజిటల్ రైట్స్ ఐర్లాండ్ అను సంఘమును, ఆస్ట్రియాలో 11 వేలకు పైగా పౌరులును వేసిన వ్యాజ్యములు లక్సెంబర్గులోని ఐరోపా యూనియను న్యాయస్థానమునకు చేరెను. 2014 ఏప్రిలు 8వ తేదీన ఆ న్యాయస్థానము శాసనాదేశమే చెల్లదని తీర్పుచెప్పెను. ఘోరనేరములతో పోరాడుట న్యాయమైన యుద్దేశమేయని యొప్పుకొని, ఆ పద్ధతిలోని దోషములను వరుసగా చూపెను. నేరముతో ఏ సంబంధము లేని జనులందఱి చిట్టాలును అందులో చేరుచున్నవి. వృత్తిధర్మముచే రహస్యమును కాపాడవలసిన వారికి సహితము మినహాయింపు లేదు. చిట్టాను చూచుటకు ముందు న్యాయస్థానముగాని స్వతంత్రాధికారిగాని పరిశీలింపవలెనను నియమము లేదు. ఏ రకపు చిట్టా ఎంతకాలము అవసరమో విచారింపకుండనే గడువు పెట్టబడెను. దొంగలు పడకుండ కాపాడుటకు చాలినంత కట్టుబాటు లేదు.

2016 డిసెంబరు 21వ తేదీన అదే న్యాయస్థానము స్వీడను, బ్రిటను దేశముల వ్యాజ్యములలో, సభ్యదేశములు తమ సొంత చట్టముల మూలముగానైనను అందఱి చిట్టాలను విచక్షణ లేకుండ దాచుట తగదని చెప్పెను. 2020 అక్టోబరు 6వ తేదీన కొన్ని మినహాయింపులను తెలిపెను. దేశభద్రతకు నిజమైన ఘోరప్రమాదము కలిగినప్పుడు పరిమితకాలము దాచవచ్చును. అనుమానమునకు తావున్న జనులకు, స్థలములకు మాత్రము పరిమితముగా దాచవచ్చును. ఐ.పి. అడ్రసులను ఘోరనేరముల నిమిత్తము పరిమితకాలము దాచవచ్చును. 2024 ఏప్రిలు 30వ తేదీన ఈ మూడవ మినహాయింపును మఱికొంత విప్పి, అడ్రసులను తక్కిన సంగతులతో కలియకుండ వేఱుగా దాచినచో ఇతర నేరముల విచారణకును వాడవచ్చునని చెప్పెను.

ఇతర దేశములు వేఱు దారులు పట్టెను. ఆస్ట్రేలియా 2015లో చట్టము చేసి రెండేండ్లు దాచవలెనని విధించెను. బ్రిటను 2016 నాటి చట్టముచే, మంత్రి నోటీసు ఇచ్చిన కంపెనీలు పండ్రెండు నెలలకు మించకుండ దాచునట్లు ఏర్పాటు చేసెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇట్టి బిల్లులు 2009లోను, 2011లోను కాంగ్రెసు ముందుకు వచ్చినను చట్టములు కాలేదు.

కాపలాదారు మాఱినప్పుడు

“నేటి ప్రభుత్వము మంచిది, నాకు భయమేల?” అని కొందఱందురు. వారు హాలండు చరిత్రను చదువవలెను. ఆ దేశమున జననమరణములను, నివాసములను వ్రాసియుంచు పట్టీలు మిక్కిలి చక్కగా నుండెడివి. ప్రతివాని మతము కూడ వాటిలో వ్రాయబడియుండెను. వ్రాసినవారికి దురుద్దేశము లేదు. 1940 మే నెలలో హిట్లరు సైన్యములు ఆ దేశము నాక్రమించెను. ఆ పట్టీలు క్రొత్త యజమానుల చేత పడెను. యూదులు ఏ వీధిలో, ఏ యింట నున్నారో వెదకవలసిన శ్రమ వారికి చాలవఱకు తప్పెను. ఆ దేశమునందలి సుమారు 1,40,000 యూదులలో లక్షకు పైగా చంపబడిరి. 1943 మార్చి 27వ తేదీ రాత్రి, విలెం అరొండేయుస్ అను చిత్రకారుడును అతని సహచరులును పోలీసు వేషములతో ఆమ్‌స్టర్‌డాములోని జనాభా పట్టీల కచేరిలో ప్రవేశించి నిప్పు పెట్టిరి. పట్టీలలో కొంతభాగము మాత్రమే కాలెను. వారిలో 12 మంది ఆ జూలై నెలలో కాల్చి చంపబడిరి. ఒక పట్టీని కాల్చుటకు ప్రాణములిచ్చిన మనుష్యులున్నారని తెలిసినప్పుడు, పట్టీ యనగా వట్టి కాగితము కాదని మనకు బోధపడును.

కాపలాదారు మాఱనవసరము లేదు, కాపలా కొంచెము సడలినను చాలును. 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో ఆప్టస్ అను ఫోను కంపెనీనుండి సుమారు 98 లక్షలమంది వరకు ఖాతాదారుల వివరములు దొంగిలింపబడెను. వారిలో ఆ కంపెనీని విడిచిపోయిన పాత ఖాతాదారులును కలరు. కొందఱి పాస్‌పోర్టు సంఖ్యలు, డ్రైవింగు లైసెన్సు సంఖ్యలు కూడ పోయెను. ఎప్పుడో చెఱిపివేసియుండిన వివరమును ఏ దొంగయు ఎత్తుకొనిపోజాలడు.

మన దేశమునందలి నిబంధనలు

మన దేశమున ఫోను, ఇంటర్నెట్టు కంపెనీలు కేంద్రప్రభుత్వపు లైసెన్సు పొంది పనిచేయుచున్నవి. పిలుపుల లెక్కలను, ఇంటర్నెట్టు రాకపోకల లెక్కలను ఒక సంవత్సరము దాచవలెనని ఆ లైసెన్సు షరతులలో నుండెను. 2021 డిసెంబరులో దీనిని రెండేండ్లకు పొడిగించిరి.

2022 ఏప్రిలు 28వ తేదీన కేంద్రప్రభుత్వమునకు చెందిన కంప్యూటరు భద్రతాసంస్థ, సెర్ట్-ఇన్ అనునది, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము క్రింద మఱికొన్ని ఆదేశముల నిచ్చెను. కంప్యూటరు దాడి జరిగినచో ఆఱు గంటలలో తెలుపవలెను. కంప్యూటరు వ్యవస్థల చిట్టాలను 180 దినములు దాచవలెను. ఖాతాదారుని అసలు ఐ.పి. అడ్రసును మఱుగుపఱచి వేఱొక దారిన పంపు వి.పి.ఎన్. కంపెనీలు, కంప్యూటరు స్థలమును అద్దెకిచ్చు కంపెనీలు తమ ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు, ఇచ్చిన ఐ.పి. అడ్రసులు, వాడుకకు కారణము మున్నగువానిని, ఖాతా ముగిసిన తరువాత సహితము ఐదేండ్లు దాచవలెను. ఏ చిట్టాయు ఉంచమని ఖాతాదారులకు మాట యిచ్చిన కొన్ని విదేశపు వి.పి.ఎన్. కంపెనీలు ఆ సంవత్సరమే మన దేశమునందలి తమ సర్వర్లను తీసివేసికొనెను.

ఈ రెండును పార్లమెంటులో బిల్లుగా వచ్చి చర్చింపబడినవి కావు. ఒకటి లైసెన్సు షరతు, రెండవది కార్యాలయపు ఆదేశము. ఐరోపాలో శాసనాదేశము సభలో చర్చింపబడెను, పిమ్మట న్యాయస్థానమున తూచబడెను. ఈ భేదమును పౌరులు గమనింపవలెను.

మనకు ఆధారము లేదని నిరాశపడనక్కఱలేదు. 2017 ఆగస్టు 24వ తేదీన, కర్ణాటక ఉన్నత న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారి వ్యాజ్యములో, మన సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, వ్యక్తి యొక్క ఆంతరంగిక జీవనము రాజ్యాంగము కాపాడు మూలహక్కుయని తీర్పు చెప్పిరి. ప్రభుత్వము ఆ హక్కులో జోక్యము కలిగించుకొనవలెనన్నచో చట్టముండవలెను, న్యాయమైన ఉద్దేశముండవలెను, జోక్యము అవసరమునకు మించకుండవలెను. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై ఒక చట్టము చేసెను. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల సమాచారమును వాడుకొనుటకు ముందు తలిదండ్రుల అనుమతి పొందవలెనని అందులో నున్నది. తలిదండ్రులు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక. అయితే దేశభద్రత మున్నగు కారణములచే ప్రభుత్వపు శాఖలను మినహాయించుటకు అదే చట్టము కేంద్రమునకు అధికార మిచ్చుచున్నది.

నడిమి దారి కలదా?

కలదు. 2001లో బుడాపెస్టు నగరమున కుదిరిన కంప్యూటరు నేరముల యొడంబడికలో ఒక పద్ధతి చెప్పబడెను. అందఱి చిట్టాలను ముందుగా పోగుచేయక, ఒక నేరమును గూర్చి అనుమానము పుట్టినప్పుడు “ఫలానివాని చిట్టాను చెఱుపకుడు” అని కంపెనీకి ఉత్తరువిచ్చుట ఆ పద్ధతి. తొంబది దినములవఱకు అట్లు నిలిపియుంచవచ్చును. అవసరమైనచో మరల పొడిగింపవచ్చును. ఈలోగా తగిన అధికారియొద్ద అనుమతి పొందవలెను. అప్పటికే చెఱిపివేయబడిన చిట్టాను ఈ పద్ధతి తిరిగి తేజాలదు. ఇది దీని లోపము. బిడ్డను రక్షింపగోరు దర్యాప్తుదారుని బాధ ఇచ్చట నిజముగా మిగిలియే యున్నది. కావున కొంతకాలము, కొన్ని సంగతులు దాచుట అవసరమని చెప్పువారిని నేను తప్పుపట్టను. వారిని నాలుగు ప్రశ్నలడుగుదును. ఇంతకన్న తక్కువ కాలము చాలదా? చూచువాడు ముందుగా న్యాయాధికారి యనుమతి పొందునా? ఎన్నిమాఱులు చూచిరో ఏటేట లెక్క ప్రకటింతురా? గడువు తీఱిన పిమ్మట నిజముగా చెఱిపివేయుదురా? ఈ నాల్గింటికిని సరియైన ప్రత్యుత్తరము దొరకనిచో ఆ చట్టము మంచి యుద్దేశముతో పుట్టినను మంచి చట్టము కాదు.

పరిశుద్ధ గ్రంథమును చదువువారికి దావీదు రాజు కథ తెలియును. ఆయన జనులను లెక్కింపుమని యాజ్ఞాపించినప్పుడు సేనాధిపతియగు యోవాబు వలదని మనవి చేసెను. రాజు వినలేదు. తొమ్మిది నెలల ఇరువది దినములు దేశమంతయు తిరిగి లెక్క తెచ్చిరి. లెక్క చేతికి వచ్చిన పిమ్మట రాజు మనస్సే ఆయనను గద్దించెను. అదే గ్రంథములో మోషే దైవాజ్ఞచే జనులను లెక్కించెను. అది తప్పుగా నెంచబడలేదు. లెక్కించుటలో పాపము లేదు. ఎవరి యనుమతిచే, ఏ పనికొఱకు లెక్కించుచున్నామను దానిలోనే మంచిచెడ్డలున్నవి.

బిడ్డలారా, “చాటున చేసినదానికి జాడ లేదు” అనుకొని ఫోనులో చెడుపనికి పూనుకొనకుడు; జాడ కలదని ఇప్పుడు తెలిసికొంటిరి. అయితే మనుష్యుడు చాటుగా నుంచుకొనునదంతయు పాపమని కూడ తలంపకుడు. ప్రార్థన చాటున చేయుదుము. రోగమును, అప్పును, కన్నీటిని చాటున నుంచుకొందుము. ఇతరుల చాటును గౌరవించుట కూడ నీతియే. తోటివాని ఫోనును అడుగకుండ చూడకుడు. పెద్దలమైన మేమును మీ విషయమున అట్లే నడుచుకొనవలెను.

ఆ హాస్టలులో తరువాత నేనొక ఏర్పాటు చేసితిని. గేటు పట్టీలోని పుటలను, మూడు నెలలు దాటగానే, ప్రధానోపాధ్యాయుని యెదుట చింపి వంటయింటి పొయ్యిలో వేయించుచుంటిని. ఆ మూడు నెలలలో ఎవరైన పట్టీని చూడవలసివచ్చినచో, ఎవరు, ఎందుకు చూచిరో చివరి పుటలో వ్రాసి సంతకము చేయవలెను. మొట్టమొదటి సంతకము నాదే. మీరు పెద్దవారై వోటు వేయునప్పుడును, ఉద్యోగములలో కూర్చుండి ఇట్టి పట్టీలు మీ చేతికి వచ్చునప్పుడును, అన్నము గిన్నె పట్టుకొని రాత్రివేళ గేటు దాటిన ఆ పిల్లవానిని జ్ఞాపకము చేసికొనుడు.